మారు పొయ్యి

తెల్లవారింది. పేరమ్మ పొయ్యిలో బూడిదెత్తి, గుప్పెడు సరుగుడాకు వేసి గొట్టంతో ఊదుతూ ఉంటే పాయ ఒడ్డునుంచి కొయ్య సుత్తుల చప్పుడు మొదలైంది. ఆ చప్పుడును బట్టే అక్కడ ఏ పని నడుస్తున్నదీ ఆమెకు ఇంట్లో కూర్చునే తెలిసిపోతుంది. ఇప్పుడు ఓడ పలకల సందుల్లో కొబ్బరిపీచు కూరి బిగిస్తున్నారు. అదయ్యాక గుగ్గిలం కాచి పూస్తారు, దానిమీద చేపనూనె. ఆ నూనె కంపు పాలెమంతా కమ్ముకుందంటే ఓడ కదిలే వేళ దగ్గరపడినట్టే.

మైపాడుకు దిగువన, పాయ పోయి సముద్రంలో కలిసే చోట ఉంది వాళ్ళ పాలెం. పేరమ్మ మొగుడు ముత్యాలయ్య ఓడ నడిపేవాళ్ళలో అక్కడ మిగిలిన ఆఖరి సరంగు. ఒకప్పుడు ఆ పాయలో తెరచాప ఓడలు వరసగా నిలబడి ఉండేవి. లారీలు వచ్చాక సరుకు రోడ్డు పట్టింది. ఓడల పలకలు ఒక్కొక్కటే ఇళ్ళకు తలుపులైపోయాయి. ముత్యాలయ్య ఓడ ఒక్కటే ఇంకా ఏడాదికొక పెద్ద ప్రయాణం చేస్తోంది. వానలు వెనకబట్టి, ఉత్తరపు గాలి నెమ్మదించి నిలకడగా వీచే రోజుల్లో ఎండుచేపా మిరపకాయా వేసుకొని నాగపట్నం మీదుగా తూత్తుకుడి దాకా పోతుంది. గాలి దక్షిణానికి తిరిగాక తాటిబెల్లమూ పీచు మోకులూ వేసుకొని వస్తుంది. ఆ ఉత్తరపు గాలి దాటిపోతే ఆ ఏటికి ప్రయాణం లేనట్టే. ఒక ఏడు కదలని ఓడను మరుసటేడు నమ్మి సరుకిచ్చే షావుకారు లేడు.

ప్రయాణం దగ్గరపడేకొద్దీ ముత్యాలయ్యకు తిండి మీద ధ్యాస ఉండదు, మారు సామాను మీదే ధ్యాస. మారు తెరచాప, మారు చుక్కాని, మారు లంగరు, కప్పీలు, మోకులు, దబ్బనాలు, చివరికి సుత్తికి మారు పిడి. నడిసముద్రంలో ఏది విరిగినా అక్కడ అంగడి లేదు గదా అంటాడు. అవన్నీ ఏడాది పొడుగునా ఇంటి వెనక వలల కొట్టంలో పడి ఉంటాయి. వాటిని ఊరికే ఎక్కించి ఊరుకోడు కూడా. బయలుదేరే ముందు అసలు చుక్కాని ఊడదీసి, మారుది బిగించి, పాయలో ఒక పూటంతా ఓడను నడిపి చూస్తాడు. ఆ తర్వాతే మళ్ళీ అసలుది బిగిస్తాడు.

"బాగున్నదాన్ని ఊడబెరికి ఈ తంటా ఏందన్నా" అని ఓడలో పనిచేసే కళాసులు నవ్వితే, "వాడి చూడందాన్ని నమ్ముకొని పొమ్మంటావా" అంటాడు.

ఆ పొద్దు ముత్యాలయ్య, కొడుకు ఆదెయ్య గంజి తాగడానికి వచ్చారు. ఇద్దరి చేతులకూ కొబ్బరిపీచు నలుసులు. కోడలు చెంచమ్మ ముంతలు తెచ్చి పెట్టింది.

"మాలకొండయ్యని చూసొచ్చినా" అన్నాడు ముత్యాలయ్య. "కాలు కట్టు కట్టినారు. ఎండలు ముదిరేదాకా నేల మోపేది లేదంట."

ఓడను దుంగల మీదికి లాగేటప్పుడు దుంగ జారి మాలకొండయ్య కాలు విరిగింది. ఇన్నేళ్ళుగా ముత్యాలయ్య నిద్రపోయేటప్పుడు చుక్కాని పట్టేది అతనే. మిగిలిన కళాసులు మోకు లాగగలరు, చాప ఎత్తగలరు. తూత్తుకుడి దారిలో పాంబను దగ్గర రాళ్ళ మధ్యన ఓడను తప్పించుకుంటూ పోవడం వాళ్ళ చేత కాదు.

"పాపం. మరి చుక్కాని కాడ నీకు మారెవురు?" అంది పేరమ్మ.

ముత్యాలయ్య కొడుకు వైపు చూశాడు. ఆదెయ్య తల వంచుకున్నాడు. పేరమ్మకు విషయం తెలిసిపోయింది.

"ఒప్పుకోను" అంది.

ఆ పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. ఒకే పొయ్యి కూడు తినే ఇద్దరు మగాళ్ళు దూరం పోయే ఓడలో కలిసి ఎక్కరు. దగ్గర వేటకు అడ్డు లేదు, దూరప్రయాణానికి మాత్రం పోరు. ఒక ఏడు పేరమ్మ తండ్రి, అన్న ఆ మాట పెడచెవిన పెట్టి ఒకే ఓడలో పోయారు. ఓడ రాలేదు. అన్న పెళ్ళాం అప్పుడు కడుపుతో ఉంది. ఆ కడుపులో బిడ్డే ఈ చెంచమ్మ. పెరిగి పెద్దదయ్యాక పేరమ్మే తెచ్చి కొడుకుకు చేసుకుంది.

"కట్టుబాటు కాదన్లా" అన్నాడు ముత్యాలయ్య మెల్లగా. "దానికి దారి గూడా పెద్దోళ్ళే పెట్టినారు. పొయ్యి వేరు చేస్తే సరి. ఓడ లంగరెత్తే లోపల వేరు చెయ్యాల."

"వేరు చెయ్యడమంటే ఏందయ్యా? తడిక అడ్డంపెట్టి అటో ఇల్లు, ఇటో ఇల్లు అని చెప్తే నమ్మేదానికి సముద్రమేమన్నా మన కరణమా? ఎవుర్ని మోసం చేస్తుండాం?"

"నిజంగానే వేరు పెడితే మోసమెట్టా అవుతాది అత్తా?"

అన్నది చెంచమ్మ. మామ కూర్చున్న చోట ఎప్పుడూ నోరెత్తని పిల్ల. పేరమ్మ తలతిప్పి కోడలి మొహం చూసింది. ఓహో, అనుకుంది మనసులో. ఆ మాట ముల్లులాగా లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది.

ఈ ఏడు ఓడ కదలకపోతే ఇక ఎప్పటికీ కదలదని పేరమ్మకూ తెలుసు. చివరికి వేరు పెట్టారు. పక్క పంచలో తడిక కట్టి, మట్టి తొక్కి చెంచమ్మ చిన్న పొయ్యి వేసుకుంది. పెద్దవాళ్ళు చెప్పిన నియమాలు గట్టివి. ఓడ తిరిగొచ్చేదాకా ఒక పొయ్యి నిప్పు ఇంకో పొయ్యికి పోకూడదు. ఉప్పు అడగకూడదు, ఇవ్వకూడదు. ఈ పొయ్యి మీద వండిన మెతుకు ఆ పొయ్యివాళ్ళు ముట్టకూడదు. ఓడమీద వండుకునే పొయ్యి ఓడది, అది లెక్కలోకి రాదు.

మొదటిరోజు పేరమ్మ చెయ్యి పాత అలవాటునే బియ్యం పోసింది. వార్చాక చూస్తే సగం కుండ మిగిలింది. తడిక అవతల కొడుకు కూర్చుని తింటున్న చప్పుడు వినబడింది. గంజి తాగేటప్పుడు చివరి గుక్క జుర్రుమని లాగడం వాడికి చిన్ననాటి అలవాటు. ఆ చప్పుడు విని ఆమె ముద్ద మింగలేకపోయింది.

చేపలు ఎండబోసే చోట పక్కింటి ముసలమ్మ ఊరుకుంటుందా. "మీ కోడలు వేరుపడిందంట గదా పేరమ్మా. ఓడ సాకు బలే దొరికిందిలే. మా చిన్నకోడలికి గూడా చెప్పాల, మొగుణ్ణి ఓడెక్కించమని" అంది.

"నీ మొగుడు చెరువులోకి గూడా దిగడు, నీకెందుకు ఓడల మాట" అని పేరమ్మ ఎదురు చెప్పింది గానీ, ఇంటికి వచ్చేదాకా ఆ మాటే చెవిలో రొద పెట్టింది.

తెరచాపకు అతుకులు వెయ్యడానికి అత్తాకోడళ్ళిద్దరూ దాన్ని ఇసకలో పరుచుకొని చెరొకవైపు కూర్చున్నారు. ప్రతి ఏడూ ఆ పని చేస్తూ పేరమ్మ పాలెంలో కబుర్లన్నీ చెప్పేది, చెంచమ్మ నవ్వీ నవ్వీ దబ్బనం వేలికి గుచ్చుకునేది. ఈసారి దారం గుడ్డలోనుంచి దూరిపోయే చప్పుడు తప్ప ఏమీ లేదు. చెంచమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగకు అయ్యుంటుంది అనుకుంది పేరమ్మ. పొయ్యి నోరు సముద్రంవైపు పెట్టింది, గాలి ఎదురుతన్నదా మరి. ఆ ముక్క చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. వేరు కావాలన్నది గదా, నేర్చుకోనీ.

కొడుకు మాత్రం చిక్కిపోతున్నాడు. మాడిన అన్నమే తింటున్నాడో, ఉడకనిదే తింటున్నాడో. కన్నతల్లి పక్కనే ఉండి చూస్తూ ఊరుకోవాలి.

నూనె పూత అయిపోయింది. కంపు పాలెమంతా నిండింది. మారు సామాను ఓడకెక్కించే రోజు పొద్దున్నే ఎవరో వంజరం చేప తెచ్చిస్తే పేరమ్మ చింతపండు పులుసు పెట్టింది. పెట్టేటప్పుడు ఏమీ అనుకోలేదు. పులుసు కుతకుతలాడి వాసన లేచాక చెయ్యి ఆగలేదు. కంచంలో అన్నం కలిపి, మూతపెట్టి, కొట్టంలోకి పోయి నిలబడింది.

కొట్టం అప్పటికే ఖాళీ అయింది. గోడవారన మారు చుక్కాని ఒక్కటే మిగిలి ఉంది. దాన్ని ఎత్తుకుపోవడానికి ఆదెయ్య వచ్చాడు.

"రెండు ముద్దలు తినిపోరా" అంది.

"తినకూడదు గదమ్మా."

"అమ్మ చేతి కూడు తినకూడదా? ఎవురు చూస్తారు, నువ్వూ నేనూ ఆ చుక్కానీ తప్ప."

ఆదెయ్య గుమ్మం వైపు చూశాడు. పులుసు వైపు చూశాడు. తల్లి మొహం చూశాక ఇక కాదనలేకపోయాడు. చుక్కాని మీదే కూర్చుని కంచం ఒళ్ళో పెట్టుకున్నాడు. వాడు తింటూంటే పేరమ్మకు ఇన్నాళ్ళ దిగులూ దిగిపోయినట్టనిపించింది. నాలుగు ముద్దలు కూడా తిన్నాడో లేదో, గుమ్మంలో నీడపడింది.

అన్నం వేళైందని పిలవడానికి వచ్చిన చెంచమ్మ. కంచం చూసింది, మొగుడి చెయ్యి చూసింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. కాసేపటికి పక్క పంచలోనుంచి సుయ్యిమని చప్పుడొచ్చింది. నిప్పుమీద నీళ్ళు పడ్డ చప్పుడు.

పేరమ్మ ఉరికింది. చెంచమ్మ ఖాళీ కడవ పట్టుకొని నిలబడి ఉంది. చిన్న పొయ్యిలో తడి బూడిద పొగలు కక్కుతోంది.

"ఏందిమే ఈ పని? మండే పొయ్యి మీద నీళ్ళు పోస్తారా ఎవురైనా?"

"రెండు పొయ్యిలెందుకత్తా, ఉండేది ఒకటే గదా. ఒక పొయ్యి కూడే తిన్నాడు. ఇంక ఓడ ఎక్కడు. నేను ఎక్కనియ్యను."

"రెండు ముద్దలకి ఇంత రాద్ధాంతమా? వేరు పెట్టాలని ఆ పొద్దు ఎగిరి చెప్పింది నువ్వు. కావాల్సింది వేరు కాపురం, ఓడ ఒక వంక. ఇప్పుడు అమ్మచేతి కూడు తిన్నాడని ఏడుపు. వాడు నీకు మొగుడు కాకముందే నాకు బిడ్డమే."

ఆదెయ్య ఎంగిలి చేత్తోనే వెనక వచ్చి నిలబడ్డాడు. "తప్పు నాది చెంచమ్మా, నేనే..." అన్నాడు.

"నువ్వూరుకో" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

చెంచమ్మ కడవ కింద పెట్టింది. అరవలేదు.

"నేను వేరు కావాలనలా అత్తా. పెడితే నిజంగా పెట్టాలన్నా. సముద్రాన్ని మోసం చెయ్యలేమన్నది నువ్వే. ఆ మాటే పట్టుకొని నీ దగ్గర ఉప్పురాయి గూడా అడగలా. ఉప్పైపోయిన పొద్దు ఇద్దరం చప్పిడి కూడు తిన్నాం. పొయ్యి రాజుకోక కళ్ళు పోతుంటే, తడిక అవతల నువ్వుండావు, పిలిస్తే ఒక్క ఊదుతో రాజేస్తావని తెలుసు. పిలవలా. పిలిస్తే ఇద్దరిదీ ఒకటే పొయ్యి అయిపోతాదని భయం. మా అమ్మ చచ్చేదాకా ఒకటే మాట చెప్పి ఏడ్చేది. పొయ్యి రెండై ఉంటే ఒకరన్నా మిగిలేవాళ్ళని. మా నాయన మొకం నాకు తెలీదు. నువ్వు చూసినావు. ఆయన చేతిలో పెరిగినావు. అన్నీ తెలిసిన దానివి, నువ్వే..."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తండ్రీ అన్నా పోయిన దుఃఖం తనదనే ఇన్నేళ్ళూ అనుకుంది పేరమ్మ. ఆ ఓడ కోసం పాయ ఒడ్డున నిలబడి ఎదురుచూసింది తను. ఆ రోజు పక్కన వదిన కూడా నిలబడి ఉంది, వదిన కడుపులో ఈ పిల్ల ఉంది. ఆ సంగతి తెలియక కాదు. ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. కట్టుబాటు తప్పకూడదని మొదటిరోజు గొంతు చించుకున్నది తనే. కొడుకు గంజి జుర్రే చప్పుడు వినలేక దాన్ని తప్పించిందీ తనే. కోడలు మాడినన్నం తిని, చప్పిడి కూడు తిని దాన్ని కాపాడుతూ వచ్చింది.

"చుక్కాని కోసం అక్కడ అందరూ కాసుకోనుంటే ఇక్కడేంది ఈ సంత?" అంటూ ముత్యాలయ్య వచ్చాడు. తడిసిన పొయ్యి చూశాడు. కొడుకు చెయ్యి చూశాడు. ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. తువ్వాలు తీసి మొహం తుడుచుకొని అరుగుమీద కూర్చున్నాడు.

"వాడు రాకపోతే వద్దులే. నేనే పోతా. రేయీ పగలూ నేనే పట్టుకుంటా" అన్నాడు.

ఆ మాటకు అర్థం ముగ్గురికీ తెలుసు. ఆ వయసులో కునుకు ఎప్పుడు వచ్చేదీ మనిషి చేతిలో ఉండదు. పాంబను రాళ్ళు కునుకు తీరేదాకా ఆగవు.

"రేవులో ఉండంగా మొన్న కప్పీ పగిలింది. ఏం చేసినాంరా?" అన్నాడు కొడుకుతో.

"ఇంకోటి చెక్కినాం" అన్నాడు ఆదెయ్య.

"సముద్రంలో పగిలుంటే?"

ఆదెయ్య తడిసిన పొయ్యి వంక చూశాడు.

"అందుకే గదా ఒడ్డున ఉండంగానే వాడి చూసేది. ఇదీ ఒడ్డునే విరిగింది. మళ్ళీ కట్టుకుంటే సరి. దీనికి ఒకరి మీద ఒకరు పడి ఏడవడమెందుకు?"

పేరమ్మ తన పొయ్యి వైపు చూసింది. అది ఆమె అత్త చేత్తో వేసిన పొయ్యి. ఏటా పండగకి ఎర్రమట్టి అలికి, ముగ్గు పెట్టి, ఇల్లంటే ఇదీ అనుకుంది ఇన్నాళ్ళూ. తడిక అవతలిది పిల్లలాట. ఆట అనుకుంది కాబట్టే మధ్యలో చెయ్యి పెట్టింది. తను ఇక్కడ కూర్చున్నన్నాళ్ళూ ఆ పొయ్యి నిజం పొయ్యి కాదు. ఆ పిల్ల ఒక్కతే ఎంతకని నిజం చేస్తుంది?

లేచింది. నీళ్ళ కాగు ఎత్తుకొచ్చి తన పొయ్యి మీద కుమ్మరించింది.

"అమ్మా" అన్నాడు ఆదెయ్య.

"రెండూ ఆరినాయి. ఇప్పుడు సరిగ్గా పెడదాం" అంది పేరమ్మ. "ఈ పొయ్యి ఇంక నీది చెంచమ్మా. ఇల్లు మీది. నేనూ మీ మామా కొట్టంలోకి పోతాం. ఆ తడిక పక్కనుంటే నా చెయ్యి ఊరుకోదు. కొట్టం దూరం."

"నేను అడగలా అత్తా" అంది చెంచమ్మ, ఏడుస్తూ.

"అడిగుంటే ఇచ్చేదాన్ని కాదు" అంది పేరమ్మ. అని కోడలి మొహం తన కొంగుతో తుడిచింది. "పొయ్యి నోరు సముద్రం వైపు పెడితే పొగరాక ఏమొస్తాది. ఈ పెద్దది చూడు, పాలెం వైపు తిరిగుంది. ఆ పొద్దే చెప్పుండాల్సింది. చెప్పలా. నీ మీద కోపం."

"తెలుసు."

"తెలుసా?"

"చాప కుట్టేటప్పుడు నీ దారం బిగువు చూస్తే తెలీలా ఏంది."

పేరమ్మకు నవ్వొచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి.

రెండు పొయ్యిల బూడిదా రెండు చేటల్లో ఎత్తి, ఇద్దరూ కలిసి తీసుకుపోయి పాయలో కలిపారు. కొట్టంలో గోడవారన, ఏళ్ళ తరబడి మారు చుక్కాని పడుకున్న చోట నేల నున్నగా ఉంది. పేరమ్మ అక్కడే మట్టి తొక్కి పొయ్యి వేసుకుంది. అది ఆరేదాకా ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరిది ఒకరు ముట్టకుండా అటుకులు నమిలారు. ఎవరి అగ్గిపెట్టె వాళ్ళు గీసుకున్నారు.

గాలి తిరిగిపోతుందని కళాసులు తొందరపెట్టారు. ముత్యాలయ్య వినలేదు. "పొయ్యి కుదురుకుందో లేదో చూసిగానీ లంగరెత్తను" అన్నాడు. ఆ రోజుల్లో ఆదెయ్య కొట్టం వైపు ఒక్కసారి కూడా రాలేదు. పేరమ్మ పిలవలేదు. కొట్టంలోకి కొడుకు గంజి జుర్రే చప్పుడు వినబడదు. పాయ నీళ్ళ చప్పుడే వినబడుతుంది. మొదట్లో కష్టంగా ఉంది. తర్వాత్తర్వాత, వినబడకపోవడమే వాడికి కాపలా అనిపించింది.

ఓడ కదిలిన పొద్దు పాలెమంతా ఒడ్డుకు వచ్చింది. మాలకొండయ్యను మంచం మీద మోసుకొచ్చి పడుకోబెట్టారు. అతను అక్కడినుంచే ఆదెయ్యకు జాగ్రత్తలు చెప్తూ ఉన్నాడు. కొత్త నూనెతో ఓడ నల్లగా మెరుస్తోంది. మారు చుక్కాని పక్కన మోకుతో కట్టి ఉంది. తండ్రి ముందర నిలబడి ఉంటే చుక్కాని పట్టింది కొడుకు. తెరచాప పైకి లేచి, ఒకసారి కొట్టుకొని, గాలి నింపుకుంది. అత్తాకోడళ్ళు వేసిన అతుకులు ఎండలో కనబడ్డాయి.

ఓడ పాయ నోరు దాటకముందే ఇద్దరూ ఇంటికి వచ్చేశారు. ఎసరు పెట్టుకోవాలి. చెంచమ్మ ఇంట్లోకి, పేరమ్మ కొట్టంలోకి.

కాసేపటికి చెంచమ్మ గొంతు వినబడింది. "అత్తా, నీ దగ్గర ఉప్పుందా?"

పేరమ్మ ఉప్పు పిడత వంక చూసింది. నిండుగా ఉంది. గొంతు సర్దుకొని, "ఉంది. ఉన్నా నీకియ్యను" అని కేకేసింది.

"నేను అడగలా. ఉందో లేదో కనుక్కున్నా. లేకపోయినా నేనూ ఇయ్యను."

"ఇయ్యబాక తల్లీ" అంది పేరమ్మ. కళ్ళు తుడుచుకొని పొయ్యి ముందు కూర్చుంది. నిప్పు బాగానే రాజుకుంది, పొగ పెద్దగా లేదు. ఒక్క క్షణం ఆలోచించి, గుప్పెడు పచ్చి సరుగుడాకు తెచ్చి పొయ్యిలో వేసింది. దగ్గొచ్చినా ఇంకో గుప్పెడు వేసింది. పొగ కొట్టం కొప్పు దాటి పైకి లేవాలి. ఓడమీదివాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే రెండు పొయ్యిలూ కనబడాలి.